ఊరు చూచుట

మనవారు ఊళ్లు చూచుటకని బయలుదేరుట యరుదు. దేవుని చూచుటకు బయలుదేరి, దారిలోనున్న యూళ్లను చూచివచ్చుట మన పూర్వుల పద్ధతి. 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన యేనుగుల వీరాస్వామయ్యగారు మా ప్రాంతముననే కృష్ణను దాటి హైదరాబాదు చేరిరి. మజిలీయందు నీరెట్టిది, దినుసులు దొరకునా, దిగుటకు తగిన చోటున్నదా యని వారు శ్రద్ధగా వ్రాసిపెట్టుకొనిరి. దినుసులు దొరకునా యన్న ప్రశ్నలోనే వంట మనదే యన్న యర్థము గలదు.

మా యమ్మయు ఆ త్రోవనే నడిచినది. రెండుమార్లు తిరుపతికి, ఒకమారు కాశికి పోయినది. పోయినప్పుడెల్ల బియ్యపు మూట, కిరసనాయిలు పొయ్యి, ఊఱగాయ జాడీ ఆమె వెంట పోయినవి. కాశిలో ఏమి చూచితివని మేమడిగినప్పుడు, "విశ్వేశ్వరుని చూచితిని. పొయ్యి వత్తులు తడిసి, ఒకపూట యన్నము ఉడకలేదు" అని చెప్పెడిది. అంత దూరము పోయి, ఎవరి చేతి ముద్దయు తినక, ఎవరి యింట నీళ్లును త్రాగక మరలివచ్చినది. ఆ సంగతిని ఆమె గొప్పగా చెప్పుకొనెడిది. మేమును గొప్పగానే వినెడివారము.

నేను ఆమెకు కడగొట్టు బిడ్డను. కొల్లాపురములో పుట్టితిని. ముప్పది సంవత్సరములు ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు చెప్పి, ఉద్యోగము ముగిసిన పిమ్మట పుట్టినయింటనే, భర్తను కోల్పోయిన మా యక్కతో కలిసి యున్నాను. పిల్లలకు వీరేశలింగము పంతులుగారిని గూర్చి పాఠములు చెప్పితిని. కులభేదములు కూడవని వ్యాసములు వ్రాయించి, మంచి వ్యాసమునకు నా చేతి డబ్బుతో బహుమానములిచ్చితిని. మహబూబునగరములోను హైదరాబాదులోను హోటళ్లకు పోయితిని. కాని మా యూరిలో మాత్రము బయట అన్నము తిని యెఱుగను. ఎందుకు తినలేదని నన్ను నేనెన్నడును అడిగికొనలేదు. అడుగుటకు రోమునగరపు ముసలమ్మ యొకతె కావలసివచ్చినది.

మా కుమార్తె ఉద్యోగరీత్యా రోములో నున్నది. 2024వ సంవత్సరము మార్చి నెలలో నేనచ్చటికి పోయి ఆఱు వారములుంటిని. మనుష్యులును మృగములును పోరాడి చచ్చుటను వేలాది జనము వేడుకగా చూచిన కొలోసియమును చూచితిని. పాంథియను అను గుడిలో, ఇంచుమించు పందొమ్మిది వందల యేండ్లనాటి గుమ్మటము క్రింద నిలుచుంటిని. ఆ గుమ్మటపు అడ్డుకొలత నూటనలుబది యడుగులు దాటును. దాని నడినెత్తిన ఆకాశమునకు తెఱచియుంచిన గుండ్రని రంధ్రము గలదు. నేను పోయిన దినమున వాన కురియుచుండెను. ఆ వాన గుడినడుమనే కురిసి, నేలలో చేసిన చిన్న చిల్లులగుండ జాఱిపోయినది. అట్టి వింతను నేనెన్నడును చూడలేదు.

కాని నా మనసున నాటుకొనినవి వీథి కొళాయిలు. 1874 మొదలుకొని పెట్టుచు వచ్చిన యినుప కొళాయిలు ఆ నగరమున ఇంచుమించు రెండువేల యైదువందలున్నవి. గొట్టము ముక్కువలె వంగియుండుటచే ఊరివారు వానిని పెద్దముక్కులని పిలుతురు. రేయింబవళ్లు నీరు పాఱుచునే యుండును. గొట్టము కొనను వ్రేలితో మూసినచో మీది చిల్లినుండి నీరు పైకి చిమ్మి నోటికందును. దొరయు కూలివాడును ఆ చిల్లికడనే వంగి త్రాగుదురు. ముందు త్రాగినవారెవరో వెనుకవారడుగరు. నా చిన్ననాట మా పేట బావికడ చేద యెవరు వేయవచ్చునో ఎవరు దూరముగా నిలిచి పోయించుకొనవలెనో జరిగిన వాదములు నాకు గుఱుతునకు వచ్చినవి.

బయట తినుటయు ఆ నగరమున విలాసముగా మొదలైనది కాదు. ప్రాచీనరోములో బీదలు అంతస్తుమీద అంతస్తుగా కట్టిన యద్దెమేడలలో ఇఱుకు గదులలో నుండిరి. ఆ గదులలో పెక్కింటికి వంటపొయ్యి లేదు. కావున వీథి యంగళ్లలో వేడికూడు కొని తినెడివారు. ధనవంతుడు ఇంట తినెను. పేదవాడు వీథిలో తినెను. మనకును ఇట్టి యాచారము లేకపోలేదు. క్రీడాభిరామములో మిత్రులిద్దఱు ఓరుగంటిని చూచుచు దినమంతయు తిరుగుదురు. ఒక్క రూకకు పూటకూటింట దొరకు సన్నబియ్యపుటన్నము, గోధుమపిండివంటలు, పప్పు, నెయ్యి, అరటిపండ్లు అందు వర్ణింపబడినవి. ఊరు చూచి ఊరిలోనే భోజనము చేసిన తెలుగువారు కొన్ని వందల యేండ్లనాడే యుండిరన్నమాట. కిరసనాయిలు పొయ్యి వెంటబెట్టుకొని పోయిన మా యమ్మకు ఈ సంగతి తెలియదు.

అచ్చటి భోజనము నాకు మొదట కష్టముగానే యుండెను. ఒకనాడు సేమ్యా దారములవంటి పదార్థముపై గొఱ్ఱెపాల చీజు తుఱుము, మిరియముల పొడి చల్లి తెచ్చిరి. మిరియముల ఘాటు తగిలి నాకు ప్రాణము లేచివచ్చినది. రెండువేల యేండ్లనాడు కేరళతీరమునుండి ఓడలపై పోయిన మిరియములకు రోములో ప్రత్యేకముగా గిడ్డంగులుండెనట. ఆ వ్యాపారపు దినములలోని రోమను వెండి నాణెములు మా పొరుగున నల్లగొండజిల్లా అక్కెనపల్లిలో త్రవ్వకమున దొరికినవి. ఇంత పాతచుట్టఱికము గల మిరియముల కూడును పరాయి కూడని యెట్లు అనగలనని నవ్వుకొని తింటిని.

మఱునాడు మా కుమార్తె నన్ను టైబరునది యొడ్డున నున్న యూదుల పేటకు తీసికొనిపోయినది. 1555వ సంవత్సరమున నాలుగవ పాల్ అను పోపు, రోములోని యూదులందఱును ఈ యిఱుకు పేటలోనే కాపురముండవలెనని శాసించెను. చుట్టును గోడ కట్టిరి. రాత్రులు తలుపులు మూసెడివారు. ఆ కట్టడి 1870లో గాని పూర్తిగా తొలగలేదు. ఆ గోడలోపల బ్రదికినవారి వంటకములలో ఆర్టిచోకు వేపుడొకటి. ఆర్టిచోకనగా ముండ్లమొక్క మొగ్గ. దానిని నూనెలో వేచినచో తామరపువ్వువలె విచ్చుకొని, ఱేకులు అప్పడములవలె కరకరలాడును. దానిని తినుటకు దేశదేశములనుండి వచ్చినవారు ఆ పేట హోటళ్లముందు వరుసగా నిలుచుందురు. మేమును నిలిచితిమి. వెలివేయబడినవారి కూర, వెలివేసినవారి బిడ్డలకు పండుగవంటయైనది. ఒక్కొక్క మొగ్గకు మన రూపాయలలో ఆఱువందలకు పైగా తీసికొనిరి.

వరుసలో నిలిచియున్నప్పుడు గడపముందు నేలలో మెఱయుచున్న యిత్తడి పలకలను చూచితిని. ఒక్కొక్కటి అరచేతి వెడల్పుండును. మా కుమార్తె వంగి చదివి చెప్పినది. ఈ యింట ఫలానివారు నివసించిరి, ఫలాని యేట పుట్టిరి, ఫలాని దినమున పట్టుకొనిపోబడిరి, ఫలానిచోట చంపబడిరి అని వానిపై చెక్కియున్నది. 1943 అక్టోబరు 16వ తేదీని జర్మను సైనికులు ఆ నగరమున వేయిమందికి పైగా యూదులను పట్టి ఆష్విట్జు శిబిరమునకు పంపిరి. మరలివచ్చినవారు పదాఱుగురు. ఆ పలకలలో నొకటి పసిబిడ్డది. నేను కాలు వెనుకకు తీసికొంటిని.

లోపల మా ప్రక్క బల్లకడ కూర్చుండిన ముసలమ్మ నా చీరను చూచి ముచ్చటపడి మాటలు కలిపినది. మా కుమార్తె దుబాసీగా నుండెను. "మీ యూరిలో చూడదగినవేమి?" అని యామె యడిగెను. కోట యున్నదంటిని, గుళ్లున్నవంటిని, కృష్ణానది యున్నది, మామిడితోటలున్నవి యంటిని. "నేను వచ్చినచో ఎచ్చట తినవలెను?" అని యడిగెను. ఒక్క హోటలు పేరైనను నా నోటికి రాలేదు. "మా యింట" అంటిని. ఆమె సంతోషించి నా చేయి పట్టుకొనెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా యింట ఎవరు తినవచ్చును?

మా పెరటివసారా గోడగూటిలో ఒక సత్తుపళ్లెము, ఒక సత్తుగ్లాసు ఉండెడివి. అవి యింటి గిన్నెలలో కలిసెడివి కావు. శ్రీశైలము జలాశయమునకై 1981లో కృష్ణయొడ్డు గ్రామములను ఖాళీ చేయించినప్పుడు, మంచాలకట్టనుండి వచ్చిన యొక కుటుంబము మా పేటచివర గుడిసె వేసికొనినది. ఆ యింటి కోడలు, నాకన్న రెండుమూడేండ్లు చిన్నది, మా యింట పాచిపనికి కుదిరినది. మధ్యాహ్నము అమ్మ ఆమెకు అన్నము వేసెడిది. గరిటె పళ్లెమునకు తగులకుండ పైనుండి జాఱవిడుచు నేర్పు అమ్మకుండెను. తిన్న పిమ్మట ఆమె తన పళ్లెమును తోమి గూటిలో బోర్లించెడిది. మా పళ్లెములన్నియు ఆమెయే తోమెడిది. అవి వంటింటిలోనికి పోవుటకు ముందు అమ్మ వానిపై మఱల నీళ్లు చల్లెడిది.

ఇట్లు నాలుగేండ్లు జరిగినది. నేనప్పుడు బి.ఎ. చదువుచుంటిని. పుస్తకము పట్టుకొని ఆ వసారాలోనే కూర్చుండెడిదానను. అన్నము జాఱవిడుచుటను దినదినము చూచితిని. ఏమియు ననలేదు. ఆమెను మా యింట నెవరును పేరుపెట్టి పిలువలేదు. "ముంపూరామె" అనుచుంటిమి. ఒకనాడామె పని మానుకొని పోయినది; ఎచ్చటికి పోయినదని మేమడుగలేదు. రోములో ఎనుబదియేండ్లనాడు పోయినవారి పేర్లు గడపగడపకును వ్రాసియుండగా, మా గడపలో నాలుగేండ్లు తిరిగిన యామె పేరు నాకు తెలియదు.

తిరిగివచ్చిన పిమ్మట వాకబు చేసితిని. ఆమె సోమశిలకడ, నది యొడ్డున, కొడుకుతో కలిసి చిన్న భోజనపు హోటలు పెట్టుకొనినదని కూరగాయలమ్మువాడు చెప్పెను. ఎండలు ముదురుటకు ముందే యొకనాడు మా యక్కతో, "అక్కా, మన యూరు చూతము రమ్ము" అంటిని.

"డెబ్బదియేండ్లుగా చూచుచునే యున్నాను గదా. క్రొత్తగా చూచుటకేమున్నది?" అనెను. సోమేశ్వరుని దర్శనము కూడ చేయింతునంటిని. అందులకు బయలుదేరెను. భోజనము సంగతి నేను చెప్పలేదు. ఆమె మాత్రము పెరుగన్నము డబ్బాలో పెట్టుకొనెను.

మొదట కోటకు పోయితిమి. కొల్లాపురము జటప్రోలు సంస్థానమునకు రాజధాని. సురభివారు పద్మనాయక ప్రభువులు; నిజాముకు లోబడి ఈ సీమ నేలిరి. ఆ వంశమువాడైన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయము రచించెను. ఎలకూచి బాలసరస్వతి వంటి పండితులు ఆ యాస్థానమున మన్ననలందిరి. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరిన పిమ్మట సంస్థానములు పోయినవి. కోటను, చంద్రమహలును చూచినవారు ఈ యూరిని తెలంగాణపు మైసూరని పొగడుదురు. ఎత్తైన గోడలను, తోరణములను తల యెత్తి చూచుచు నిలిచితిమి. "ఇంతమంది కవులకు భోజనములు పెట్టిరి గదా, వంటశాల యెచ్చట నుండెనో" అని మా యక్క యనెను. నేను చదివిన పుస్తకములలో రాజుల పేర్లున్నవి, కవుల పేర్లున్నవి. వండినవారి పేరొకటియు నేను చదువలేదు.

పిమ్మట మాధవస్వామి గుడికి పోయితిమి. ఈ గుడి పుట్టినచోటు కొల్లాపురము కాదు. ఇది మంచాలకట్టలో కృష్ణయొడ్డున నుండెను. జలాశయమున మునుగునని తెలిసి, పురావస్తుశాఖవారు ఇట్టి గుళ్లను విప్పి తరలించిరి. ఒక్కొక్క రాతికిని అంకె వేసి, పటము వ్రాసికొని, బండ్లమీద తెచ్చి, ఏ రాతిప్రక్క ఏ రాయి యుండెనో ఆ రాతిప్రక్కనే మఱల నిలిపిరి. సోమశిల గుళ్లను, జటప్రోలు గుడిని ఇట్లే కాపాడిరి. ఇది సామాన్యమైన పని కాదు. ఈజిప్టుదేశమున నైలునదిపై ఆనకట్ట కట్టినప్పుడు, 1964 మొదలు 1968 వఱకు ఆబూసింబెలు గుళ్లను వేయికి పైగా ముక్కలుగా కోసి, రెండువందల యడుగుల యెత్తునకు చేర్చిరి. లోకమంతయు ఆ పనిని మెచ్చుకొనినది. మన పనివారి నేర్పును కూడ మెచ్చుకొనవలసినదే. స్తంభములమీది బొమ్మలపై చేయి వైచి చూచితిని. అతుకు తెలియుట లేదు.

కాని రాళ్లకు పట్టిన యదృష్టము మనుష్యులకు పట్టలేదు. శ్రీశైలము నీళ్లలో నూఱు గ్రామములకు పైగా మునిగినవి. ఏ యింటిప్రక్క ఏ యిల్లుండెనో ఎవరును పటము వ్రాసికొనలేదు. ఒక యూరివారు పది యూళ్లపాలైరి. నైలునది యొడ్డున నూబియా జనులకును ఇట్లే జరిగినది. భూములు కోల్పోయిన కుటుంబములకు ఉద్యోగావకాశము కల్పింతుమని 1986లో 98వ సంఖ్యగల ఉత్తరువు వెలువడినది. దానికొఱకు ఎదురుచూచుచు యువకులుగా నున్నవారు ముసలివారైరి. ఆ నీటిబలమున పుట్టిన విద్యుత్తు వెలుగును మనమందఱము అనుభవించుచున్నాము. నేను సంస్కరణగ్రంథములు చదివినది ఆ వెలుగులోనే.

"ఈ గుడి మన పనిమనిషి యూరిది గదా" అని అక్క యనెను. ఆమెకును జ్ఞాపకమున్నది. "అక్కా, ఆమె పేరేమి?" అంటిని. అక్క చాలసేపు ఆలోచించి, తెలియదనెను.

సోమశిల కొల్లాపురమునకు కొలదిదూరముననే యున్నది. త్రోవపొడుగున మామిడితోటలు. మా మామిడి, ముఖ్యముగా బేనిషాను, దేశమంతట పేరుపొందినది. తోటకడ బండి నిలిపించి, అక్క బేరమాడి డజను పండ్లు కొనెను. లలితాసోమేశ్వరుని దర్శనమైనది. ద్వాదశజ్యోతిర్లింగముల పేర నొకేచోట నిలిపిన గుళ్లకు అక్క వరుసగా ప్రదక్షిణము చేసెను. ముంగట కృష్ణ పరచుకొనియున్నది. ఆవల నల్లమల కొండలు. ఏటిలో చాలకాలము నీటిలోనుండి వేసవిలో మాత్రము బయటపడు సంగమేశ్వరుని గుడి ఆవలియొడ్డువైపున గలదు. 2007 జనవరిలో ఈ నీళ్లపై పడవ మునిగి పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. సోమశిలనుండి ఆవల సిద్ధేశ్వరము వఱకు వంతెన కట్టుటకు 2022లో కేంద్రప్రభుత్వము అనుమతి యిచ్చినది.

రేవుకడ రేకులపందిరి క్రింద ఆమె హోటలు. నాలుగు బల్లలు, ఒక కట్టెలపొయ్యి. పెనములో చేపముక్కలు వేగుచుండెను. హైదరాబాదునుండి వచ్చిన కుఱ్ఱవాండ్రు రెండు బల్లలు నింపియుండిరి. తల నెరసినను ఆమెను చూడగనే పోల్చితిని. ఆమె మమ్ము పోల్చలేదు.

"కూసోండ్రి అక్కా. చేప ఉన్నది, రొట్టె ఉన్నది, పప్పున్నది. ఏం పెట్టాలె?"

అక్క నా వైపు చూచెను. వచ్చిన పని యామెకు తెలిసినది. కోపపడునేమో యనుకొంటిని, మాటాడక బల్లమీద కూర్చుండెను. నేను మా యింటి గుఱుతు చెప్పితిని. ఆమె అట్లకాడ చేతబట్టుకొని క్షణము నిలిచెను.

"చేప తినరు గదా మీరు. నాకెర్కనే," అనెను. పొయ్యిమీది పెనమును దించి, వేఱొక పెనము పెట్టి, జొన్నపిండి తట్టసాగెను. మేము అడుగకముందే ఆ పెనము మార్చినది. మా యింట గరిటె దూరమును లెక్కపెట్టిన దినములలో ఆమె మా నియమములన్నియు నేర్చుకొనినది. ఆమె నియమమొకటియు మాకు తెలియదు.

స్టీలుపళ్లెములో వేడి జొన్నరొట్టె, పుంటికూరపప్పు, పచ్చిపులుసు, పల్లీలపొడి వచ్చినవి. పుంటికూరనే సర్కారు జిల్లాలవారు గోంగూర యందురు. రొట్టె అంచు మాడక, నడుమ పొంగి, మెత్తగా నుండెను. ఎండుమిరపకాయలతో కాచిన పోపు పచ్చిపులుసుమీద ఇంకను చిటచిటలాడుచుండెను. రోములో తిన్న వంటలలో దీనికి సరివచ్చినది లేదని చెప్పుట ముఖస్తుతి కాదు. రెండవ రొట్టె తెమ్మంటిని. ఆమె బల్లమీద నుంచునప్పుడు ఆమె వ్రేళ్లు పళ్లెపు టంచును తాకినవి. ఆ తాకిడిని గమనించినందులకు నాకే సిగ్గు కలిగినది.

అక్క డబ్బా తెఱువలేదు, రొట్టెయు తినలేదు. తాను కొన్న మామిడిపండొకటి కడిగించి తినెను. పండునకు మైల లేదని మన పెద్దలు చెప్పినది గదా.

తిన్న పిమ్మట నేను పళ్లెము తీసికొని తొట్టికడకు పోయితిని. నా చేతులతో కడుగవలెనని రోమునందే అనుకొంటిని. అది ప్రాయశ్చిత్తముగా నుండునని నా యూహ. ఆమె చూచి గట్టిగా అనెను:

"ఆడ్నే పెట్టుండ్రి అక్కా. ఇది హోటలు. తిన్నోళ్లు పళ్లెం కడుగరు, పైసలిచ్చి పోతరు."

కుఱ్ఱవాండ్రు తల లెత్తి చూచిరి. నేను పళ్లెమును బల్లపై పెట్టితిని. ఆమె మాటలో కోపము లేదు, దయయు లేదు. తన యంగడి పద్ధతి చెప్పినది, అంతే. నేను తలచుకొనిన ప్రాయశ్చిత్తము నా మనసును తేలికపఱచుకొనుటకే గాని ఆమెకు పనికివచ్చునది కాదని అప్పుడు తెలిసినది. ఆమె కోరినది భోజనపు ఖరీదు, నూటయిరువది రూపాయలు. ఇచ్చితిని. చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టినది.

పోవుచు, "నీ పేరేమి?" అంటిని. ఆమె నవ్వెను. "నలుబై ఏండ్లకు అడిగినవా అక్కా?" అని పేరు చెప్పెను. మంచాలకట్టలో తమ యింటిముందు వేపచెట్టుండెననియు, మాధవస్వామి యుత్సవమునాడు రథము ఆ వీథినే వచ్చెడిదనియు, గుడి కొల్లాపురము వచ్చిన పిమ్మట తానొక్కసారియు లోనికి పోలేదనియు చెప్పెను. ఎందుకని యడిగితిని. "అది ఆడ ఉంటే మా గుడి. ఈడ మీ గుడి," అనెను. ఆమె పేరును ఇచ్చట వ్రాయను. అచ్చువేయింతునని ఆమెతో చెప్పలేదు.

మేము లేచుచుండగా అక్క పందిరిస్తంభము పట్టుకొని, "దాహమగుచున్నది. కొన్ని నీళ్లిమ్మా" అనెను. మా సంచిలో సీసానిండ నీళ్లున్నవి. ఆమె కుండలోని నీళ్లు గ్లాసుతో ముంచి యిచ్చెను. అక్క గ్లాసు పైకెత్తి, పెదవి తగులనీయక, ఆగి ఆగి మూడు గుక్కలు త్రాగెను. ఎప్పుడును అట్లే త్రాగును. దారిలో ఆ మాట ఎవ్వరమును ఎత్తలేదు.

మన పత్రికలలో సహపంక్తి భోజనములను గూర్చి ఎన్నియో వ్యాసములు వచ్చినవి. మన రాజ్యాంగపు పదునైదవ యధికరణము హోటలు గడపను అందఱికిని తెఱచినది. పదునేడవది అంటరానితనమును రద్దు చేసినది. అయినను మన యిండ్ల గూళ్లలో వేఱు పళ్లెము లింకను లేవా? ఉన్నచోట దానిని చూచుచు పుస్తకము చదువుకొనుచున్న నావంటివారు లేరా? చదువరులు తమ యూరిని ఒక దినము పరదేశివలె చూడవలెనని నా మనవి. గోడలను, గోపురములను చూడుడు. ఆ రాళ్లు ఎచ్చటినుండి వచ్చినవో యడుగుడు. ఆ రాళ్లతో కూడ రానివారెవరో యడుగుడు. వారు పెట్టిన యంగడి యున్నచో అచ్చట కూర్చుండి తినుడు, పేరు కనుగొనుడు, ఖరీదిచ్చి రండు. దానివలన పాతబాకీ తీఱునని నేను చెప్పజాలను. బాకీ యున్నదనుట తెలియును.

మా పెరటిగోడ గూటిలో ఇప్పుడు పళ్లెము లేదు. అమ్మ పోయిన యేడు పాతసామానువానికి వేసితిమి. గూడు మాత్రమున్నది. అక్క అందులో మామిడిపండ్లను ముగ్గబెట్టినది. నిన్న ఒకటి చేతబట్టి వాసన చూచుచు, "ఆ రొట్టెల యామె యింట మనుమలున్నారన్నది గదా, నాలుగు పంపుదమా?" అనెను. పంపుట యెందుకు, మనమే తీసికొనిపోదమంటిని. అక్క ఔననలేదు, కాదనలేదు. పండ్లు రెండు దినములలో ముగ్గును.